చిన్న పేరు, నిండు నాదం

పేరు గొప్ప, ఊరు దిబ్బ అని తెలుగువారి సామెత. అదే భావాన్ని ఉర్దూలో ‘ఊంచీ దుకాన్, ఫీకా పక్వాన్’ అంటారు. పెద్ద పేరును శంకించడానికి రెండు భాషలలోనూ సామెతలు ఉన్నవి. అయినా అంగడికి వెళ్ళి వస్తువు కొనే వేళ మనం ఆ రెండింటినీ మరచి, పెద్ద పేరు ఉన్న చోటికే నడుస్తాము. చిన్న పేరును నమ్మినవాణ్ణి చూసి జాలిపడతాము కూడా.

అమెరికాలో పెడల్ స్టీల్ గిటారు వాయించే వారిలో కొందరు ఈ లోకరీతికి ఎదురు నడిచేవారు ఉన్నారు. ఆ వాద్యంలో ఎమ్మన్స్, షో-బడ్ అనేవి ప్రసిద్ధ నామాలు. ఆ రెండూ తెలిసి ఉండీ, దొరికే అవకాశం ఉండీ, వీరు జెడ్‌బీ అనే వాద్యాన్ని పట్టుకొని వదలరు. దాని తయారీ ఆగిపోయి దశాబ్దాలు గడచినవి. విడిభాగాలు దుకాణంలో అడిగితే దొరికేవి కావు. ఇది కేవలం మూఢాభిమానమని, అరుదైన వస్తువును కలిగి ఉన్నామనే అతిశయమని కొందరి అభిప్రాయం. నా అభిప్రాయం వేరు. అది చెప్పడానికి ముందు ఈ వాద్యం ఎటువంటిదో కొంత వివరించక తప్పదు.

స్టీల్ గిటారును ఒడిలో గాని, బల్లవలె కాళ్ళ మీద గాని నిలిపి, ఎడమచేత ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతూ, కుడిచేత మీటుతారు. 19వ శతాబ్ది చివర హవాయి దీవులలో జోసెఫ్ కెకుకు అనే పాఠశాల విద్యార్థి ఈ పద్ధతిని రూపొందించాడని ప్రసిద్ధి. అతనికి ముందే గాబ్రియెల్ డేవియన్ అనే భారతదేశంలో పుట్టిన యువకుడు హొనొలులులో ఇట్లా వాయించేవాడని మరొక కథనం కూడా ఉన్నది. అది నిజమైనా కాకపోయినా, తీగ మీద జారే నాదం మన చెవికి కొత్త కాదు. దక్షిణాది గోటువాద్యం పద్ధతి అదే. బ్రిజ్ భూషణ్ కాబ్రా హవాయి గిటారు మీద రాగాలాపన చేసి, 1967లో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ రికార్డులో పాల్గొన్నాడు. విశ్వమోహన్ భట్ తన మోహనవీణతో రై కూడర్ సరసన వాయించి 1994లో గ్రామీ బహుమతి పొందాడు. కావున కడ్డీ సంగతి మనకు తెలిసినదే. తెలియనిది పెడల్ సంగతి.

పది తీగలు. వాటి శ్రుతి అమరికలలో బహుళ ప్రచారంలో ఉన్నదానిని ‘ఇ నైన్త్’ అంటారు. ‘ఇ’ స్వరాన్ని మన షడ్జమంగా భావించుకుంటే, కాలితో మొదటి పెడల్ తొక్కగానే పంచమం పలికే తీగలు రెండూ చతుశ్శ్రుతి ధైవతానికి ఎక్కుతాయి. రెండవ పెడల్ తొక్కితే అంతర గాంధారపు తీగలు శుద్ధ మధ్యమానికి చేరుకుంటాయి. రెండూ కలిపి తొక్కితే, కడ్డీని వెంట్రుకవాసి జరపకుండానే స-గ-ప అనే స్వరకూటం స-మ-ధ అవుతుంది. మోకాలి పక్కన ఉండే మీటను నొక్కితే షడ్జమం కాకలి నిషాదానికి దిగుతుంది. వీణ మీద తీగను లాగి గమకం పలికించడం, సితారు మీద మీండ్ తీయడం మనకు పరిచితమే. ఇక్కడి విశేషం ఏమనగా, ఒక తీగ ఏడుస్తూ పైకి పోతుండగా పక్కన ఉన్న తీగ కదలక మెదలక నిలిచి పలుకుతూ ఉంటుంది. ఒక్క మనిషి గొంతులో ఇది సాధ్యం కాదు. బడ్ ఐజాక్స్ 1953లో వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ అనే పాటకు ఇట్లా వాయించాడు. 1954లో ఆ పాట వెలువడిన తరువాత, పెడల్ లేని స్టీల్ గిటార్లు పెట్టుకున్నవారు వాటికి పెడళ్ళు బిగించుకోవడానికి తహతహలాడిపోయారట.

ఇదంతా జరగడానికి వాద్యం అడుగున ఒక యంత్రమే ఉన్నది. పెడల్ నుండి నిలువు కడ్డీ, దాని నుండి అడ్డ కమ్మీలు, వాటి చివర తీగను లాగే లోహపు వేళ్ళు, వెనక్కు తెచ్చే స్ప్రింగులు. సంగీతం పాడే కుట్టుమిషను అంటే వాద్యకారులు కోపగించుకోరనే అనుకుంటాను. రెండు మెడలు గల వాద్యమైతే దాని బరువును ఒక మనిషి మోయగలడు గాని, సంతోషంగా మోయలేడు. ఇంత లాగుడుకు చెక్క కూడా లోనవుతుంది. పెడల్ తొక్కినప్పుడు పెట్టె రవ్వంత వంగి, తొక్కని తీగలు కూడా కొద్దిగా శ్రుతి తగ్గుతాయి. ఎవరు చేసిన వాద్యం అన్న ప్రశ్నకు ఇక్కడ అందుకే అంత విలువ. వేణువు విషయంలో వెదురు ఏ వనానిదని అడిగితే సరిపోతుంది. ఇక్కడ చెక్కనూ, ఉక్కునూ, వాటిని కలిపినవాని బుద్ధినీ కూడా విచారించవలసి ఉంటుంది.

ఆ బుద్ధి ఎక్కడి నుండి వచ్చినదో గమనించదగినది. 1948లో స్పీడీ వెస్ట్ అనే వాద్యకారునికి పెడల్ స్టీల్ చేసి ఇచ్చిన పాల్ బిగ్స్‌బీ, ఒక్కొక్క వాద్యాన్ని అడిగినవాని పేరు మీద చేసిచ్చే పనివాడు. షో-బడ్ అనేది షాట్ జాక్సన్, బడ్డీ ఎమ్మన్స్ అనే ఇద్దరు వాద్యకారుల పేర్లలోని తొలి అక్షరాలు. ఆ ఎమ్మన్స్ 1963లో విడిపోయి, రాన్ లాష్‌లీతో కలిసి తన పేరిట కంపెనీ పెట్టాడు. అంటే ఈ రంగంలో మహానామాలని చెప్పుకునేవి కూడా ఒకనాడు చిన్న కొట్లే. వాయించేవానికి కాలికింద ఒక లోపం తగిలినది. దానిని సరిచేయడానికి సుత్తి పట్టుకున్నాడు. అదే కంపెనీ అయినది.

జెడ్‌బీ కథ కూడా ఆ కుటుంబానిదే. జెడ్, బీ అనే అక్షరాలు జేన్ బెక్ అనే మనిషి పేరువి. ఆయన స్వయంగా వాద్యకారుడు. మోకాలి మీటను తొలినాళ్ళలోనే వాద్యానికి అమర్చినవారిలో ఆయనను ముందుగా చెప్పుకుంటారు. ఇప్పుడు ఆ మీట లేని పెడల్ స్టీల్‌ను ఊహించడం కష్టం. ఎవరి వాద్యం కొన్నా అందులో అటువంటి మీట ఉంటుంది గాని, బెక్ పేరు తెలిసినవారు బహు కొద్దిమంది. ఆయన వాద్యపు నాదాన్ని అభిమానులు లావైనది, వెచ్చనిది అని వర్ణిస్తారు. ఎమ్మన్స్ నాదం కంచుగంట వలె స్ఫుటంగా ఉంటే, జెడ్‌బీ నాదం నడివయసు గాయకుని మంద్రస్థాయి వలె ఉంటుందని నాకు తోచినది. ఇటువంటి ఉపమానాలకు ప్రమాణం లేదు. వినేవాని చెవిని బట్టి మారుతాయి.

ఈ వాద్యానికి దొరికిన అతిపెద్ద శ్రోతృసమూహం ఎట్లా దొరికినదో తలచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందపు గిటారిస్టు జెర్రీ గార్సియా 1969లో జెడ్‌బీ ఒకటి తెచ్చుకొని సాధన మొదలుపెట్టాడు. న్యూ రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్ అనే బృందంలో కూర్చుని పదిమంది ఎదుట నేర్చుకున్నాడు. పట్టుమని కొన్ని నెలలు గడవక ముందే క్రాస్బీ, స్టిల్స్, నాష్, యంగ్ బృందం ‘టీచ్ యువర్ చిల్డ్రన్’ అనే పాటకు ఆయనను పిలిచినది. 1970లో వెలువడిన ఆ పాటను లక్షలాదిమంది విన్నారు. పెడల్ స్టీల్ అనే మాట కూడా తెలియనివారికి సైతం ఆ మొదటి వరుస చెవిలో ఉన్నది. వాయించినవాడు ఆ వాద్యంలో కొత్త విద్యార్థి. వాద్యం పేరు సామాన్యులెవరూ వినలేదు.

ఇక్కడ ప్రతిపక్షం వారు ఒక మంచి ప్రశ్న వేస్తారు. గొప్పతనం చేతిదా, చెక్కదా? పరదా వెనుక నాలుగు కంపెనీల వాద్యాలు ఒకే చేతితో వాయిస్తే, ఏది జెడ్‌బీయో చెప్పగలరా? చాలామంది చెప్పలేరనే నా అనుమానం. నేనైతే చెప్పలేను. నాదంలో అధిక భాగం చేతిదేనని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. అరుదైనది గనుక అందమైనదనుకునే బలహీనత కూడా ఈ ప్రేమలో కొంత కలిసి ఉండవచ్చు. పాత నాణేలు పోగుచేసేవానికి ఉండే గర్వం అది.

కాని పాత నాణెం యజమానిని ఏమీ అడగదు. ఈ వాద్యం అడుగుతుంది. ఒక కమ్మీ అరిగితే లేతు మీద కొత్తది తీయించుకోవాలి. ఒక కొత్త మార్పు కావాలంటే, ఆనాటి యంత్రం దానికి ఎంతవరకు ఒప్పుకుంటుందో ముందుగా తెలుసుకోవాలి. వాద్యాన్ని దుప్పటి మీద తలక్రిందులుగా పడుకోబెట్టి, ఏ మర ఎంత తిప్పితే ఏ స్వరం ఎంత ఎక్కుతుందో తానే పరీక్షించుకోవాలి. పెద్ద కంపెనీ కొత్త వాద్యం కొన్నవాడు చెడితే తిరిగి పంపుతాడు. చిన్న కంపెనీ పాత వాద్యం ఉన్నవాడు చెడితే నేర్చుకుంటాడు. పదేళ్ళు గడిచేసరికి తన వాద్యంలో తనకు తెలియని మూల ఉండదు. ఆ పరిచయాన్నే మనం బయట నుండి చూసి మోజు అని పేరుపెడుతున్నాము.

దీనికి తోడు కాలికి ఉండే జ్ఞాపకం ఒకటి ఉన్నది. ఏ పెడల్ ఎంత లోతుకు దిగితే స్వరం నిలుస్తుందో, ఏ తీగ ఎంత శ్రుతి జారుతుందో, దానిని కడ్డీ ఒత్తిడితో ఎట్లా సర్దాలో శరీరమే నేర్చుకుంటుంది. వాద్యపు లోపం వాద్యకారుని అలవాటై, ఆ అలవాటే ఆయన శైలి అవుతుంది. ఇది జెడ్‌బీకి మాత్రమే చెందిన సంగతి కాదు. ఫ్లయింగ్ బర్రిటో బ్రదర్స్ బృందంలో వాయించిన స్నీకీ పీట్ క్లైనో, పది తీగల వాద్యాలు సర్వత్రా వ్యాపించిన కాలంలో కూడా ఎనిమిది తీగల ఫెండర్ 400 మీదనే తన పేరు నిలుపుకున్నాడు. కమ్మీలకు బదులు లోహపు తాళ్ళతో నడిచే ఆ పాతకాలపు ఏర్పాటును తక్కిన వారు వదిలివేశారు. ఫెండర్ అనే పేరు చిన్నది కాకపోవచ్చు గాని, ఆ వాద్యం మాత్రం తన కంపెనీలోనే అనాథ. ఆయన పలికించిన నాదాన్ని ఖరీదైన వాద్యం మీద తెప్పించాలని ప్రయత్నించేవారికి అది అంత సులభంగా లొంగదు. (ఈయన వృత్తిరీత్యా బొమ్మల సినిమాల కళాకారుడు కూడా. ‘గంబీ’ అనే బంకమట్టి బొమ్మను కదిలించినవారిలో ఒకడు. చేతికి ఓపిక అక్కడ అలవడినదేమో.)

కళాశాల కమిటీ పెద్దలు వాద్యాలు గాని, ప్రయోగశాల పరికరాలు గాని కొనే సందర్భంలో మొదట అడిగేది ‘ఏ కంపెనీది?’ అని. అడగవలసిన ప్రశ్నే. దాని వెంట ‘చెడితే విప్పి చూడడానికి మన పిల్లలకు వీలున్నదా?’ అని కూడా అడగాలని నా మనవి. విప్పడానికి వీలులేని మంచి వస్తువు అల్మారాలో మంచి వస్తువుగానే ఉండిపోతుంది. విద్యార్థులకు ఈ మాట వేరే విధంగా తగులుతుందని నాకు తెలుసు. ఉద్యోగానికి వెళ్ళినప్పుడు వారి పట్టా మీద ఉన్న కళాశాల పేరు చూసి, మనిషిని చూడకుండానే పక్కన పెట్టే అధికారులు ఉంటారు. ఆ బాధ అనుభవించినవారు రేపు తాము వస్తువును గాని, మనిషిని గాని ఎన్నుకునే స్థానంలో కూర్చున్నప్పుడు, అదే తూకపురాయిని వాడకుండా ఉండగలరా అన్నది నాకు సందేహంగానే ఉన్నది.

జెడ్‌బీ పక్షాన చివరిగా ఒక సాక్షిని పిలుస్తాను. టామ్ బ్రమ్లీ 1960 దశకంలో బక్ ఓవెన్స్ బృందంలో స్టీల్ వాయించి దేశమంతటా పేరు తెచ్చుకున్నవాడు. ఏ కంపెనీ వాద్యం కావాలన్నా ఆయనకు దొరికేది. 1969లో ఆయన ఆ బృందాన్ని వదిలాడు. ఆయన జెడ్‌బీ వాద్యం ఒకటి కొనుక్కుని ఊరుకోలేదు. కంపెనీనే కొని నడిపాడు. వ్యాపారదృష్టితో చూస్తే అది ఎంత వివేకమో చెప్పలేము గాని, వాయించేవాడు తన సొమ్ము పెట్టి ఇచ్చిన సాక్ష్యం కన్న బలమైనది నాకు కనబడదు. ఆ తరువాత ఆయన రిక్ నెల్సన్ బృందంలో చాలా ఏళ్ళు వాయించాడు. 1972 నాటి ‘గార్డెన్ పార్టీ’ పాట ఎక్కడైనా దొరికితే వినండి. గాయకుడు మాట ముగించి ఊపిరి తీసుకునే చోట, వెనుక నుండి మెల్లగా జారి వచ్చేది బ్రమ్లీ స్టీలే.