గళ్ళు ఒక్కరే నింపేస్తే ఎలా?



మన హాస్టలుకు వచ్చే దినపత్రిక ఒక్కటే. ఉదయం బస్సులో వచ్చి, ఆఫీసు రూములో సార్లు చూశాక, సాయంత్రం ఆటల టైముకి మన వరండాలోకి వస్తుంది. అప్పటికి గళ్ళ నుడికట్టు ఉన్న పేజీ ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. ఎవరో ఒక అన్న పెన్నుతో సగం నింపేసి ఉంటాడు. మిగతా సగంలో రాసి, కొట్టేసి, మళ్ళీ దాని మీదే రాసి ఉంటారు. ఒక్కోరోజు ఆ ముక్కే ఉండదు. చింపుకుని పోతారు. తెల్లారి పేపర్లో జవాబులు చూసి మిగిలిన గళ్ళు ఎక్కించేసి "పూర్తి చేశాను" అని చూపిస్తారు. అది చెయ్యడం కాదు, కాపీ కొట్టడం.

నేను చెప్పేది ఏమిటంటే, గళ్ళు బ్లాకుబోర్డు మీదికి రావాలి. రోజూ కుదరకపోతే వారానికి మూడు రోజులైనా చాలు. రాత్రి స్టడీ అవరుకి ముందు పావుగంట. ఒకరు పేపరు పట్టుకుని అడ్డం, నిలువు చదవాలి, ఒకరు సుద్దముక్కతో రాయాలి, మిగతావాళ్ళం చెప్పాలి. జవాబు చెప్పినవాడు అది ఎందుకు అవుతుందో కూడా చెప్పాలి. ఈ రెండో షరతు ముఖ్యం. "చెట్టు కొమ్మ, రెండక్షరాలు" అని ఉంటే ఒకడు రెమ్మ అంటాడు, ఒకడు శాఖ అంటాడు. ఇద్దరి మాటా తప్పు కాదు. నిలువు మాట వచ్చి తగిలినప్పుడే ఏది నిలుస్తుందో తేలుతుంది. అందాకా వాదించుకోవాలి. ఆ వాదనలోనే మజా ఉంది, ఒంటరిగా నింపినవాడికి అది దక్కదు.

ఇది టైము వేస్టు అని సార్లలో కొందరు అంటారు. పెద్దవాళ్ళు అన్నమాట కాబట్టి మర్యాదగానే జవాబు చెప్తాను. ఈ ఆట మొదట అచ్చయింది 1913 డిసెంబరు 21న, అమెరికాలో న్యూయార్క్‌ వరల్డ్‌ అనే పత్రికలో. తయారు చేసినవాడు ఆర్థర్‌ విన్‌, ఇంగ్లండులో లివర్‌పూల్‌ ఊర్లో పుట్టినవాడు. అప్పుడది వజ్రం ఆకారంలో ఉంది, నల్ల గళ్ళు లేవు. పదేళ్ళలో దేశమంతా పిచ్చిగా పట్టుకుంది. అప్పుడు న్యూయార్క్‌ టైమ్స్‌ అనే పెద్ద పత్రిక 1924లో ఇదంతా వృథా అని తిట్టిపోసింది. తిట్టిన ఆ పత్రికే 1942లో తనే గళ్ళు వేయడం మొదలుపెట్టింది! మన తెలుగులో ఆరుద్రగారు గళ్ళ నుడికట్లు కట్టారు, శ్రీశ్రీగారు పదబంధ ప్రహేళికలు తయారు చేశారు. పని లేక చేశారని వాళ్ళని అనగలమా?

పైగా ఇంగ్లీషు గళ్ళకీ మన గళ్ళకీ ఒక తేడా ఉంది. వాళ్ళకి 26 అక్షరాలు, గడికి ఒకటి. మనకి గడిలో గుణింతంతో, ఒత్తుతో సహా మొత్తం అక్షరం కూర్చుంటుంది. "స్త్రీ" అంతా ఒక్క గడే. అందుకే అడ్డం మాట, నిలువు మాట కలిసేచోట దీర్ఘం, ఒత్తు, సున్న అన్నీ ఒకటే కావాలి. మనలో చాలామంది "విధ్యార్థి" అని రాస్తాం, తెలుగు సారు ఎన్నిసార్లు ఎర్ర ఇంకుతో దిద్దినా పోలేదు. బోర్డు మీద అడ్డంగా విద్యార్థి, ఆ మధ్య గడిలోంచి నిలువుగా ఉద్యానం వచ్చిందనుకోండి. "ఉధ్యానం" అని ఎవరూ ఒప్పుకోరు. అక్కడ గడే తప్పు పట్టిస్తుంది, ఎవరూ బెత్తం ఎత్తనక్కర్లేదు. మార్కులు పెరుగుతాయని మాత్రం నేను చెప్పను.

ఇక అసలు సంగతి. మనోళ్ళు చాలామంది రెండు రోజులు కూర్చుని మూడో రోజు లేచిపోతారు. "ఇవి మన మాటలు కావురా, టౌను వాళ్ళవి" అంటారు. అందులో నిజం ఉంది. "పూదేనె, నాలుగక్షరాలు" అంటే మకరందం. కొండ మీద పెర తేనె తీసి, తేనెటీగలు కుట్టి, చెట్టు దిగివచ్చినవాడికి ఆ మాట తెలియదు. తేనె ఎన్నడూ తియ్యనివాడికి తెలుసు. సినిమా తారల పేర్లు, పురాణాల్లో భార్యల పేర్లు, ఎప్పుడూ తినని పలహారాల పేర్లు కూడా అంతే. ఇంట్లో కోయ మాట్లాడి అయిదో ఏట బళ్ళో తెలుగు మొదలుపెట్టిన తమ్ముడు అక్కడ నోరు తెరవడు. తెలియకపోవడం వాడి బుర్రలో లోటు కాదు, ఆ మాట వాడి దగ్గరికి ఎప్పుడూ రాలేదు, అంతే.

కానీ దానికి లేచిపోవడం మందు కాదని నా వాదన. మకరందం నేర్చుకుందాం, అది మనకీ పనికొస్తుంది. అలాగే మన మాటల్నీ గళ్ళలోకి తెద్దాం. ఒక రోజు పేపర్లో "రెండు సోలలు" అని వచ్చింది. పదో తరగతి అన్నలందరూ తెల్లమొహం వేశారు. వంట చేసే అమ్మ బియ్యం చెరుగుతూ "తవ్వ" అనేసింది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ అని గడగడా చెప్పింది. అలాంటివి మన ఇళ్ళలో, సంతలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

కోయ మాటలు కూడా గళ్ళకి భలే సరిపోతాయి. తెలుగులో ఏరు అంటే పారే వాగు. మన కోయలో ఏరు అంటే తాగే నీళ్ళు. తెలుగులో లోను అంటే లోపల, కోయలో ఇల్లు. రెండూ ఒకే వేరు నుంచి వచ్చిన మాటలే. కాబట్టి "తెలుగులో పారుతుంది, కోయలో తాగుతాం" అని ఇస్తే అటు టౌనువాడూ ఇటు మనవాడూ చెరో సగం చెప్పాలి, కలిస్తేనే జవాబు. పండుగకి మూడు గళ్ళు కావాలి, మన పండుంకి రెండే చాలు. కోయని గళ్ళలో పెడితే తెలుగు చెడిపోతుందని ఎవరైనా అంటే గిడుగు రామమూర్తిగారిని గుర్తుచేయండి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఆయన సవరలతో కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. మన స్టేజీ మీద ఉపన్యాసాల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరెందుకో!

వార్డెన్ సారుకి రెండు విన్నపాలు. ఒకటి, పేపరు చివరి పేజీ సాయంత్రం ఆరుకల్లా చింపకుండా, పెన్ను పెట్టకుండా మా చేతికి ఇప్పించాలి. రెండు, బీరువాలో తాళం వేసి ఉన్న నిఘంటువుని బయట పెట్టించాలి. కావాలంటే దాన్ని తాడుతో బల్లకి కట్టేయండి, మాకేం అభ్యంతరం లేదు. నిఘంటువు దొంగతనం చేసేంత చదువు పిచ్చి ఇంకా మన హాస్టల్లో ఎవరికీ పట్టలేదు లెండి.

అన్నలకి ఒక మాట. మీకు ముందే తెలిసినా తమ్ముళ్ళు ఆలోచించేదాకా ఆగండి. ఆరో తరగతి వాళ్ళకి చిన్నవి వదిలేయండి.

వచ్చే గోడపత్రికలో అయిదు గళ్ళు నిలువు, అయిదు గళ్ళు అడ్డం ఉన్న చిన్న కట్టు మనమే వేద్దాం. ఇప్ప, తునికి, అడ్డాకు, పోడు, వాగు, సంత, వెదురు, ఇలాంటి మాటలతో ఆధారాలు రాసి ఇవ్వండి. ఇంట్లో కొండరెడ్ల మాటలు, కోయ మాటలు ఉంటే అర్థం పక్కన రాయండి, సరిగా ఉందో లేదో మీ ఊరి పిల్లల్ని ఇద్దరిని అడిగి మరీ రాయండి. మచ్చుకి నేను కట్టినవి రెండు:

అడ్డం 1. తోక తెగిన కలప నిద్రలో వస్తుంది (2)

నిలువు 2. వెనక్కి తిరిగిన నది, పత్రికకి ముందు నిలబడుతుంది (2)

జవాబులు నన్ను అడగొద్దు. కాగితం మీద రాసి, పేరు, తరగతి వేసి, శనివారం లోపల మెస్సు గుమ్మం పక్కనున్న అట్టపెట్టెలో వేయండి.