హైడ్రోజన్ పెరాక్సైడ్ మంచిదా, చెడ్డదా?

గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణం పోస్తే బుసబుస నురుగు వస్తుంది. సూక్ష్మజీవులను చంపే ఈ రసాయనం మన కణాలలోనూ కొద్దికొద్దిగా తయారవుతూనే ఉంటుంది. అది కణాలకు శత్రువని చాలాకాలం చెప్పుకున్నాము. ఆ ముద్ర వేయడం తొందరపాటని నా అభిప్రాయం. ఎందుకో చూడండి.

బతికి ఉన్న జీవిలో పుట్టి, అంతలోనే మాయమయ్యే పదార్థాన్ని కనిపెట్టడం ఎట్లా? జీవిని చంపి, నూరి పరీక్షిస్తే అది ఎక్కడ, ఎప్పుడు పుట్టిందో తెలియదు. ఇందుకోసం 2006లో రష్యా శాస్త్రజ్ఞులు ‘హైపర్’ అనే ప్రోటీనును రూపొందించారు. ఇ. కోలి బాక్టీరియాలో పెరాక్సైడ్‌ను పసిగట్టే ప్రోటీను ఒకటున్నది. దాని భాగాన్ని పసుపుపచ్చగా వెలిగే ప్రోటీనుతో జతచేశారు. పెరాక్సైడ్ తగలగానే అందులోని రెండు గంధకపు పరమాణువులు ముడిపడతాయి. ఇది ఆక్సీకరణం. దానితో ప్రోటీను ఆకారమూ, వెలుగూ మారుతాయి. క్షయకరణం జరిగితే ముడి వీడిపోతుంది. మీ పాఠంలోని చర్యలే ఇక్కడ దీపానికి స్విచ్చి!

2009లో అమెరికాలో నీతామర్, మిచిసన్ తదితరులు హైపర్‌ను జీబ్రా చేపపిల్లలలో వాడారు. ఈ చేప మన దేశపు వాగులలోనూ ఉన్నది. పిల్లల శరీరం పారదర్శకం కనుక లోపలి వెలుగు సూక్ష్మదర్శినిలో కనబడుతుంది. తోక కొస కత్తిరించగానే గాయపు అంచున పెరాక్సైడ్ పెరగసాగి, సుమారు 20 నిమిషాలకు గరిష్ఠస్థాయి చేరింది. అది పెరగడం మొదలైన తరువాతే తెల్లరక్తకణాలు వచ్చాయి. పెరాక్సైడ్‌ను తయారుచేసే ‘డువాక్స్’ ఎంజైమును అడ్డుకుంటే ఆ కణాలు సరిగా చేరలేదు. అంటే పెరాక్సైడ్ అక్కడ సాయానికి పిలిచే కబురన్నమాట!

అయితే ఆమ్లత్వం మారినా హైపర్ వెలుగు మారుతుంది. అందుచేత పెరాక్సైడ్‌ను గుర్తించలేని జంట ప్రోటీనును పెట్టి సరిచూసుకోవాలి. సాధనాన్ని కూడా పరీక్షించడమే శాస్త్రం.

పెరాక్సైడ్ మితిమీరితే కణానికి హానే. కాని ఆక్సీకరణమంతా కీడు, దాన్ని అడ్డుకునే మాత్రలన్నీ మేలు అని ప్రకటనలు చెబితే నమ్మవద్దు. ఫిన్లాండులో పొగతాగే పురుషులు 29,133 మందిపై జరిపిన పరీక్ష ఫలితం 1994లో వెలువడింది. బీటా కెరోటిన్ మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల కాన్సరు తగ్గకపోగా, మింగనివారికన్నా 18 శాతం ఎక్కువగా కనబడింది.

కనుక విద్యార్థులారా, ఏ రసాయనాన్నయినా మంచిదా, చెడ్డదా అని అడిగి ఊరుకోకండి. ఎంత, ఎక్కడ, ఎప్పుడు అని కూడా అడగండి.