సుద్దరాతిలో చమురు, మన సున్నపురాతిలో సున్న

ఇటీవల మంచిర్యాలలో నొక గ్రంథాలయ సభ ముగిసిన పిమ్మట నొక విద్యార్థి మమ్ము సమీపించి యిట్లడిగెను: "అయ్యా, నార్వే దేశస్థులకు సముద్రము క్రింద సుద్దరాతిలో చమురు దొరకినదని చదివితిని. సుద్దయు సున్నపురాయియు నొకే జాతి యందురు. మన ఆదిలాబాదు, కరీంనగరు సీమలనిండ సున్నపురాయియే కదా! ఇచట బావి త్రవ్వి చూచువా రేల లేరు?" చుట్టునున్న పెద్దలు కొందరు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. న్యాయవాదులమగు మాకు భూగర్భశాస్త్రము వృత్తి కాదు గాని, నేలక్రింది సొత్తెవరిదను వివాదము వృత్తిలోనిదే. కావున గ్రంథములు తిరుగవేసి, తెలిసినంతవరకు పాఠకులకు విన్నవించుచున్నాము.

పాఠశాలలో నల్లబల్లపై వ్రాయు సుద్దముక్క నేడు చాలవరకు జిప్సముతో చేయబడుచున్నది. అసలు సుద్ద వేరు. పదికోట్ల యేండ్లకు ఈవల, ఆరుకోట్ల యేండ్లకు ఆవల, సముద్రజలములలో తేలియాడిన నాచుజాతి సూక్ష్మజీవుల మేనిపై నుండిన సున్నపు రేకులు అడుగున రాలి, పొరపై పొరగా పేరుకొని రాయి యైనవి. కాకోలిత్తులనబడు నీ రేకులు కంటికి కానరావు. వీని నడుమ ఖాళీ మిక్కుటము. ఉత్తర సముద్రమున 1969లో ఫిలిప్స్ కంపెనీవారు కనుగొనిన ఎకోఫిస్క్ క్షేత్రములో, సముద్రమట్టమునకు సుమారు మూడు కిలోమీటర్ల క్రింద నున్న సుద్దలో నూరు పాళ్ళకు ముప్పది నలువది పాళ్ళు ఖాళీయే! అంత లోతున పైభారమునకు నలిగి గట్టిపడవలసిన రాయి యట్లు గుల్లగా నిలుచుట కొక కారణము, లోనికి ముందే చేరిన చమురు తన యొత్తిడితో పైభారములో కొంత తానే మోయుట.

అయినను చిక్కొకటి యున్నది. ఖాళీ విస్తారమే గాని, ఆ రంధ్రములు మిక్కిలి సన్నము. నిండుకుండకు సూదిబెజ్జమంత మూతి యున్నట్లు, చమురున్నను పారదు. ఆ సుద్దను ప్రకృతియే పగుల్చుట వలన ఆ బీటలవెంట చమురు బావిలోనికి వచ్చినది. ఇంతయుగాక, చమురు పుట్టినది సుద్దలో గాదు. దాని క్రింద నున్న నల్లని బంకమట్టిరాతిలో పుట్టి పైకెక్కి సుద్దలో నిలిచినది. పుట్టినిల్లు వేరు, మెట్టినిల్లు వేరు!

ఇక మన రాయి మాట. పెనుగంగ యొడ్డున, దేవాపూరున, బసంతనగరున సిమెంటు కొరకు పగులగొట్టు సున్నపురాయి నూరుకోట్ల యేండ్ల నాటి ముదురురాయి. కాకోలిత్తులు రాల్చు జీవులు లోకమున పుట్టకమునుపే యిది పుట్టినది. నలిగి, స్ఫటికించి, బిగిసినది. సిమెంటునకు శ్రేష్ఠము, చమురు నిలుచుటకు చోటు లేదు. ప్రాణహిత పరిసరములలో కోట పొరలని పిలువబడు మరియొక సున్నపురాయి గలదు. ఇది మడుగులలో నేర్పడిన పలుచని పొర. ఇందు చేపల శిలాజములు దొరకినవి. ఆ కోట పొరలలోనే యామన్‌పల్లి వద్ద దొరకిన మహాసరీసృపమునకు 1988లో యాదగిరి గారు 'కోటసారస్' అని నామకరణము చేసిరి. దాని యస్థిపంజరము హైదరాబాదు బిర్లా ప్రదర్శనశాలలో నున్నది. మన బిడ్డలలో నెందరు చూచిరో!

సున్నపురాతిలో చమురుండుట మన దేశమున లేనిది కాదు. 1974లో కనుగొనిన బొంబాయి హై చమురు సున్నపురాతిలోనిదే. తెలుగునేలపై మండపేట వద్ద వాయువు నిచ్చు నిసుకరాయి, దాని క్రింది కొమ్ముగూడెము బొగ్గుపొరలు, మన గోదావరిలోయ బొగ్గునకు జ్ఞాతులే. అచట లోతున పూడి వాయువిచ్చినది, ఇచట పైకి దగ్గరగా నుండి బొగ్గిచ్చినది. కావున ఆ విద్యార్థి ప్రశ్నకు, "మన పాలు మనకు మరియొక రూపమున వచ్చినది" అనియే మా జవాబు.

అయితే ఎకోఫిస్క్ కథలో మనకు కావలసిన భాగము చమురు గాదు, ఆ తరువాత జరిగినది. చమురు తోడినకొలది లోనియొత్తిడి తగ్గి గుల్లసుద్ద నలిగెను. 1984లో చూచునప్పటికి సముద్రపుటడుగు సుమారు మూడు మీటర్లు క్రుంగియుండెను. 1987లో నుక్కు కట్టడములను నిలువునా ఆరు మీటర్లెత్తవలసి వచ్చెను. ఆ యేడాదియే నీటిని లోనికి నెట్ట నారంభించిరి. నీరు చమురును బాగుగా తరిమెను గాని, తడిసిన సుద్ద మెత్తబడి క్రుంగుట వెంటనే యాగలేదు. మొత్తము క్రుంగుడు తొమ్మిది మీటర్లు మించినది.

అచట క్రుంగినది సముద్రపుటడుగు, చేపలు వ్యాజ్యము వేయవు. గోదావరిఖని, శ్రీరాంపూరు, మందమర్రి, బెల్లంపల్లి సీమలలో నేలపై నిండ్లున్నవి, చెరువులున్నవి, పొలములున్నవి. క్రింద బొగ్గు తీసి కప్పు కూలనిచ్చినచోట పైనేల క్రుంగుట యెవరును కాదనరు. ఇసుకతో పూడ్చు పద్ధతి పుట్టినదే యందుకు. ఇట నొక న్యాయచిక్కు గలదు. గోడ బీటువారినదని పేదవాడు న్యాయస్థానమెక్కినచో మొదటి ప్రశ్న, "త్రవ్వకమునకు ముందు నీ నేలమట్ట మెంత?" ఎకోఫిస్క్‌లో నా లెక్క మీటర్లలో నున్నది. మన రైతుచేత పట్టాపుస్తకమున్నది గాని అందు మట్టము లేదు. రుజువుభారము వాదిదే యను సూత్రము కొలబద్ద యున్నవానికి న్యాయము, లేనివానికి గోడ.

ద్రవ్యము మాటయు నిట్టిదే. నార్వేవారు 1972లో జాతీయ సంస్థను స్థాపించిరి, 1990లో నిధి కొరకు చట్టము చేసిరి, 1996లో తొలిసొమ్ము జమచేసిరి. 2001లో ఏటా నూటికి నాలుగు పాళ్ళకు మించి వాడరాదని కట్టుబాటు చేసికొని, 2017లో దానిని మూడింటికి తగ్గించిరి. సంస్థ మాటకు మనము వెనుకబడలేదు. సింగరేణి వాటాలలో నధికభాగమును హైదరాబాదు ప్రభుత్వము 1945లోనే కొన్నది. వెనుకబడినది నిధి విషయమున. 2015 సవరణచే జిల్లా ఖనిజనిధు లేర్పడినవి. పాత కౌళ్ళపై రాయల్టీలో నూటికి ముప్పది పాళ్ళంత మొత్తము అందు చేరవలెను. 2024 జులై 25న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, ఎనిమిదిమంది యొకవైపుగా, రాయల్టీ పన్ను కాదనియు, ఖనిజహక్కులపై పన్ను విధించు నధికారము రాష్ట్రములకు గలదనియు తీర్పు చెప్పినది. సొమ్ము వచ్చు ద్వారము తెరచుకొన్నది. అది యెచట నిలుచును? గుల్లరాతిలోనా, బీటలవెంట పారిపోవునా?

బొగ్గు తరుగు సొత్తు. తీసినది మరల మొలవదు. అట్టి సొత్తు విలువను వీధిదీపములకును, ప్రారంభోత్సవ తోరణములకును వెచ్చించుట తాత పొలమమ్మి పెండ్లివిందు చేయుట వంటిది. కొంతభాగము కదల్పరాని మూలధనముగా నుండవలెను, వడ్డి మాత్రము గనిపల్లెల బడికి, నీటికి, వైద్యమునకు పోవలెను.

ఆ విద్యార్థి తన గ్రామసభ యెదుట పెట్టుటకై మేమొక అర్జీ వ్రాసి యిచ్చితిమి. అందు గోరినవి రెండే. గ్రామము నలుమూలలను, మధ్యను రాళ్ళు పాతి నేలమట్టము నేటేట కొలిచి పంచాయతీ గోడపై వ్రాయుట ఒకటి. ఖనిజనిధిలో ఆ గ్రామము పేర జమ, ఖర్చు ఎంతయో ఆ గోడపైననే వ్రాయుట రెండవది. అంకెలు వ్రాయుటకు సుద్దముక్క తానే తెచ్చుకొందునని ఆ బాలుడు చెప్పిపోయెను.