చప్పుడు తీసేసిన ఫొటో

పోయిన సంవత్సరం మన కళాశాల ప్రదర్శనలో ఓరియన్ నెబ్యులా ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. అది నేను తీసిందే. మెచ్చుకున్నవారందరికీ ఇప్పుడు నిజం చెప్తున్నా: అందులో సగం నెబ్యులా కాదు, కంప్యూటర్ పూసిన సున్నం.

గోదావరిఖనిలో మా క్వార్టర్ డాబా మీద, పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాతో, మా నాయనమ్మ గొల్లకావడి అని చూపే మూడు చుక్కల కిందున్న మసకను పన్నెండు సార్లు తీశాను. పదమూడు వందల ఏండ్లకు పైగా ప్రయాణం చేసి వచ్చిన వెలుగు అది. తెర మీద చూస్తే ఇసుక చల్లినట్టు వచ్చింది. ఈ గరుకునే నాయిస్ అంటారు. సాఫ్ట్‌వేర్‌లో ఒక మీట చివరిదాకా లాగితే అంతా నున్నగైంది. సన్న చుక్కలు కూడా దాంతోనే పోయినై.

నాయిస్ అంటే చప్పుడు, తీసేసిన అని నాన్నకు చెప్పాను. ఆయన భూగర్భ గనిలో పనిచేసినవాడు, కట్టెతో పైకప్పు తట్టి చూసినవాడు. "సప్పుడంత తీసేస్తే ఏది బోలుదో, ఏది గట్టిదో ఎట్ల ఎరుకైతదిరా?" అన్నాడు. ప్రదర్శనలో ఎవరూ అడగని ప్రశ్న అది.

నా అభిప్రాయం ఇది: నాయిస్ తుడిచేది కాదు, ఓపికతో ఓడించేది. ఒకే చోటును వంద సార్లు తీసి కలిపితే వెలుగు వంద రెట్లవుతుంది, గరుకు మాత్రం పది రెట్లే పెరుగుతుంది. పన్నెండుతో సరిపెట్టింది నా బద్ధకం. లెన్సుకు మూత పెట్టి, అంతే సేపు, అదే ఐఎస్ఓ, అదే వేడిలో తీసే 'డార్క్' ఫొటోలు కూడా కావాలె. సెన్సార్‌లో ఎప్పుడూ వెలిగే తప్పుడు చుక్కలను వాటితో తీసేయవచ్చు. అవీ ఒకటి రెండు చాలవు, ఇరవై ముప్పై తీసి సగటు కట్టాలి. ఇక వేడి సంగతి. సుమారు ఆరు డిగ్రీలు పెరిగినప్పుడల్లా సెన్సార్‌లో పుట్టే చీకటి కరెంటు రెట్టింపవుతుంది. మన మే నెల రాత్రికీ డిసెంబరు రాత్రికీ ఎంత తేడానో మీకు చెప్పాల్నా?

ఇది కొత్త బుద్ధి కాదు. 1908లో నిజాం ప్రభుత్వం చేతికొచ్చిన హైదరాబాదు నిజామియా వేధశాల, ప్రపంచంలోని పలు వేధశాలలు పంచుకున్న ఆకాశ పటంలో ఏడు లక్షలకు పైగా నక్షత్రాల లెక్క తేల్చింది. ఆ పథకంలో చాలా గాజు పలకల మీద ప్రతి నక్షత్రాన్నీ మూడుసార్లు, చిన్న త్రికోణంగా పడేట్టు తీసేవారు. మూడు చుక్కలుంటే నక్షత్రం, ఒక్కటే ఉంటే పలక మీది మచ్చ. తుడవలేదు, మళ్లీ మళ్లీ చూశారు.

అదే విశ్వవిద్యాలయం 1960లలో పెద్ద దూరదర్శినిని నగరంలో పెట్టక జపాల్-రంగాపూర్‌కు తీసుకుపోయింది. మనకు ఆ వీలు లేదు. ఒకపక్క రామగుండం థర్మల్ దీపాలు, ఇంకోపక్క ఓపెన్‌కాస్టు దీపాలు. ఆకాశపు తెలుపును లెక్కగట్టి తీసేయవచ్చుగానీ, అది తెచ్చిన గరుకు మాత్రం ఫొటోలోనే ఉండిపోతుంది. అయినా ఓపెన్‌కాస్టు దీపాలు ఆర్పుమని నేను అడగను. వాటి కింద నైట్ షిఫ్టులో ఉన్నది మన అన్నలే, నాన్నలే.

అడిగేది మన దీపాల గురించి. కాలేజీ మేడ మీద తెల్లవార్లూ ఎవరి కోసమూ కాకుండా ఆకాశానికి వెలిగే ఫ్లడ్‌లైటు ఉంది. దానికి పైన ఒక రేకు టోపీ పెట్టించి కిందికి తిప్పాలి, డిసెంబరు అమావాస్య రాత్రి మాత్రం ఆర్పించాలి. విద్యార్థి సంఘం ఈ రెండు పనులు చేస్తే చాలు. కెమెరా నేను తెస్తా. ఈసారి గోడకు రెండు ఫొటోలు తగిలిద్దాం, గరుకుగా ఉన్న ఒక్కటీ, వంద కలిపినదీ. పోయినేటి నున్నటి ఫొటో నేనే దించేశాను.