శాలువా సరేనండీ, వంటమ్మకి జీతం సంగతేంటి?

సెప్టెంబరు 5 వచ్చిందంటే మన గోదారి జిల్లాల్లో శాలువాలకి గిరాకీ పెరుగుతుంది. కలెక్టరుగారి చేతుల మీదుగా ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారాలు, మండలంలో మరో సభ, ఊళ్లో పూర్వ విద్యార్థుల సన్మానం. అందులో తప్పు పట్టేదేం లేదు. చదువు చెప్పినోళ్లకి దండం పెట్టడం మనకి కొత్తా ఏంటి? కందుకూరి వీరేశలింగంగారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకి బడి పెట్టారు. నూట యాభై ఏళ్లు దాటినా ఆయన మనకి "పంతులుగారే". రాధాకృష్ణన్‌గారు కొన్నాళ్లు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో పాఠాలు చెప్పారని ఇవ్వాళ్టికీ గొప్పగా చెప్పుకుంటాం.

అయితే బడంటే పంతుళ్లు ఒక్కళ్లేనా? పొద్దున్నే వచ్చి పొయ్యి వెలిగించే వంటమ్మ, మరుగుదొడ్లు కడిగే ఆయా, రాత్రంతా కాపలా ఉండే వాచ్‌మన్, వీళ్లంతా ఎవరి లెక్కలోకొస్తారు? సన్మాన సభ జరిగే రోజున కుర్చీలు వేసేదీ వాళ్లే, సభ అయ్యాక తుడిచేదీ వాళ్లే. స్టేజీ మీదకి పిలుపు మాత్రం ఉండదు. పిలుపు లేకపోయినా పర్లేదనుకుందాం. జీతం సంగతి చూస్తే అసలు మతలబు అక్కడే ఉంది.

సీతమ్మగారి పేరు, నేటి సీతమ్మల బతుకు

మన బడుల్లో మధ్యాహ్న భోజనానికి 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. కోనసీమలో లంకల గన్నవరం అంటే ఆవిడ పేరే గుర్తొస్తుంది. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆ తల్లి, గోదారి పాయలు దాటొచ్చే బాటసారులకి వేళ కాని వేళలో కూడా అన్నం వండి పెట్టింది. పథకానికి అంతకంటే తగిన పేరు దొరకదు. ఆ విషయంలో ప్రభుత్వాన్ని మెచ్చుకోవాల్సిందే. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీ పిల్లలకీ ఈ భోజనం పెడుతున్నారు. అదే ఏడు జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. పిల్లల కంచం బాగుపడింది.

మరి ఆ కంచంలో వడ్డించే చెయ్యి? ఇవ్వాళ సీతమ్మగారి పని చేస్తున్న ఆడమనిషికి నెలకి 3 వేల రూపాయలు. దాన్ని జీతం అనరు, "గౌరవ వేతనం" అంటారు. ఆ మాట ఎవరు కనిపెట్టారో గానీ, అందులో గౌరవమూ లేదు, వేతనమూ లేదు.

లెక్క చూడండి. కేంద్రం 2009లో వంటమనిషికి నెలకి 1,000 రూపాయలని ఖరారు చేసింది. అదీ ఏడాదికి పది నెలలే. ఆ వెయ్యిలో కూడా కేంద్రం వాటా 600, రాష్ట్రం వాటా 400. అప్పట్నించి బంగారం ఎంత పెరిగింది, గ్యాస్ బండ ఎంత పెరిగింది, ఎమ్మెల్యేల జీతాలు ఎంత పెరిగాయి? ఆ వెయ్యి మాత్రం వెయ్యిగానే ఉండిపోయింది. మన రాష్ట్రం తన జేబులోంచి ఇంకో 2 వేలు కలిపింది కాబట్టి 3 వేలు అయింది. నెలకి 24 పని దినాలేసుకుంటే రోజుకి 125 రూపాయలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రేటు రోజుకి 307. అంటే చెరువులో మట్టి తీసే పనికి ప్రభుత్వమే కట్టిన రేటులో సగం కూడా, అదే ప్రభుత్వ బడిలో వంద మందికి అన్నం వండే పనికి లేదన్నమాట.

"మూడు గంటల పనేగా" అనేవాళ్లకి

ఈ మాటెత్తితే ఆఫీసుల్లో ఓ జవాబు సిద్ధంగా ఉంటుంది: "వాళ్లది పార్ట్‌టైం పనండీ." సరే, చూద్దాం. నిబంధన ప్రకారం 25 మంది పిల్లల దాకా ఒక వంటమనిషి. 26 నుంచి 100 దాకా ఇద్దరు. ఆపైన ప్రతి వందకి ఇంకొకరు. అంటే నిండా వంద మందున్న బడిలో ఇద్దరు ఆడాళ్లే బియ్యం ఏరాలి, కూరలు తరగాలి, గుండిగలు ఎక్కించాలి దించాలి, వారానికి ఐదు రోజులు గుడ్లు ఉడకబెట్టి ఒలవాలి, వడ్డించాలి, అంట్లు తోమాలి, వంటగది కడగాలి. రాగిజావ రోజుల్లో ఇంకా పెందలాడే రావాలి. మూడు గంటల్లో ఇదంతా అయ్యే పనేనా? ఇంట్లో నలుగురికి వండేవాళ్లని అడిగినా చెప్తారు.

పైగా ఆ టైములో వేరే కూలికి వెళ్లే వీలుండదు. డెల్టాలో నాట్లకీ, కలుపులకీ, కోతలకీ పిలిచేది పొద్దుటి పూటే. ఆ పూటంతా బడికిచ్చేశాక మధ్యాహ్నం మూడింటికి ఎవరు పిలుస్తారండీ పనికి? సగం రోజు జీతమని పేరు, రోజంతా పోవడం నిజం.

ఇంకో బరువుంది. బియ్యం, గుడ్లు, చిక్కీ ప్రభుత్వం పంపిస్తుంది. కూరగాయలు, నూనె, పోపు సామాను, గ్యాస్ లాంటివి ముందు వంటోళ్లు తెచ్చి వండితే తర్వాత బిల్లు వస్తుంది. కేంద్రం 2025 మే నుంచి ఖరారు చేసిన వంట ఖర్చు ప్రైమరీ పిల్లాడికి రోజుకి 6 రూపాయల 78 పైసలు, అప్పర్ ప్రైమరీకి 10 రూపాయల 17 పైసలు. అరవై మంది పిల్లలున్న ప్రైమరీ బడికి ఆ లెక్కన నెలకి దగ్గర దగ్గర 9,700 రూపాయలు. బిల్లు రెండు నెలలు ఆగిందంటే కిరాణా కొట్లో దాదాపు 20 వేలు అప్పు. ఆ బడిలో ఇద్దరు వంటమ్మలకీ కలిపి నెలకొచ్చేది 6 వేలు. ఆరు వేలు తెచ్చుకునేవాళ్లు ఇరవై వేలు అప్పు చేసి సర్కారు వారి పథకాన్ని నడుపుతున్నారన్నమాట. ప్రభుత్వానికి వడ్డీ లేకుండా అప్పిస్తున్నది ఎవరంటే, ఊళ్లో అందరికంటే పేదోళ్లు.

ఆయాలు, వాచ్‌మన్‌లు

మరుగుదొడ్లు శుభ్రం చేసే ఆయాలకి నెలకి 6 వేలు. 2023లో వేసుకున్న రాత్రి వాచ్‌మన్‌లకీ అంతే. వంటమ్మ కంటే మేలే గానీ, ఈ రోజుల్లో ఆ డబ్బుతో ఇల్లు గడుస్తుందా? ఇక్కడ తల్లిదండ్రులు గమనించాల్సిన సంగతొకటుంది. తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకి 15 వేలని చెప్పి, 2025 జూన్‌లో అకౌంట్లో వేసింది 13 వేలు. మిగతా 2 వేలు బడి నిర్వహణకీ, శుభ్రతకీ అని పక్కన పెట్టారు. అంతకుముందు అమ్మ ఒడిలోనూ ఇలాగే కోశారు. అంటే బడి శుభ్రంగా ఉండటానికి మన పిల్లల పేరున వచ్చిన డబ్బే వాడుతున్నారు. అలాంటప్పుడు ఆయాకి నెల నెలా జీతం పడిందా లేదా, ఫినాయిలు, చీపుళ్లు వచ్చాయా లేదా అని అడిగే హక్కు మనకి ఉన్నట్టే కదండీ.

అయ్యే పనేనా?

"అడగడం తేలికే, డబ్బులేవి?" అంటారు. రాష్ట్రంలో వంటమనుషులు ఎనభై వేల పైచిలుకు ఉన్నారు. ఒక్కొక్కరికి వెయ్యి పెంచితే నెలకి ఎనిమిది, తొమ్మిది కోట్లు. తక్కువేం కాదు. కానీ ప్రభుత్వాలు ఖర్చు పెట్టే తీరు చూస్తే, ఇది చేతగాని మొత్తమా? 2025లో మెగా డీఎస్సీ పెట్టి పదిహేను వేల తొమ్మిది వందల పైన టీచర్లకి ఉద్యోగాలిచ్చారు. మంచి పని. బడికి మనుషులు కావాలని ఒప్పుకున్నారు కదా, ఆ ఒప్పుకోలు వంటగది దాకా రావాలి.

దారి చూపించినవాళ్లు కూడా ఉన్నారు. తమిళనాడులో 1982లో ఎంజీఆర్ పెద్ద ఎత్తున మొదలుపెట్టిన భోజన పథకంలో పనిచేసేవాళ్లకి ప్రత్యేక టైం స్కేలు ఇస్తున్నారు. 2013లో 45వ భారత కార్మిక మహాసభ, పథకాల్లో పనిచేసేవాళ్లని కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని సిఫారసు చేసింది. 2020 డిసెంబరులో అలహాబాద్ హైకోర్టు అయితే, వంటమనిషికి నెలకి వెయ్యి ఇవ్వడమంటే రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేనని తేల్చింది. మన రాష్ట్రంలోనే 2025 మార్చిలో ఆశా కార్యకర్తలకి గ్రాట్యుటీ, జీతంతో కూడిన ప్రసూతి సెలవు, 62 ఏళ్ల దాకా సర్వీసు ప్రకటించారు. ఆశా చెల్లెళ్లకి ఇవ్వగలిగింది వంటమ్మకి ఎందుకివ్వకూడదు?

అంగన్‌వాడీ అక్కలు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు రోడ్డెక్కితే అప్పటి ప్రభుత్వం ఎస్మా పెట్టింది. వంటమ్మలు అన్ని రోజులు సమ్మె చేసేలా కూడా లేరు. ఒక్క పూట పొయ్యి వెలగకపోతే పస్తుండేది వాళ్ల పిల్లలూ, వాళ్ల పక్కింటి పిల్లలే. ఆ మొహమాటాన్నే ఇన్నాళ్లూ వాడుకుంటున్నారు.

మన ప్రాంతానికి ఇంకో లెక్క కూడా ఉంది. లంకల్లోకి వరద వచ్చినా, తీరానికి తుఫాను తగిలినా జనాన్ని తీసుకెళ్లేది బడికే. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు గానీ, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు గానీ మనకి తెలిసిందేంటి? ఆపదలో ఊరికి దిక్కు ఆ నాలుగు గదులూ, ఆ వంటగదే. అక్కడ గరిటె పట్టే మనిషిని మామూలు రోజుల్లో మర్చిపోవడం ఊరికి శ్రేయస్సు కాదు.

ఊరు చెయ్యగలిగింది

జీతం పెంచాల్సింది అమరావతీ, ఢిల్లీ. అందులో రెండో మాట లేదు. పదహారేళ్లుగా కదలని ఆ వెయ్యి కదలాలి, పది నెలలు పన్నెండు కావాలి, బిల్లు నెల తిరక్కుండా రావాలి. ఎంపీలు, ఎమ్మెల్యేలు ఓట్లకొచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇది.

కానీ ఊళ్లో చెయ్యగలిగినవి కూడా కొన్నున్నాయి. ప్రతి బడికీ తల్లిదండ్రుల కమిటీ ఉంది. చట్టం ఇచ్చిన కమిటీ అది. ప్రతి మీటింగులో "వంట బిల్లు ఏ నెల దాకా వచ్చింది, ఆయాకి ఏ నెల దాకా జీతం పడింది" అని అడిగి మినిట్స్ పుస్తకంలో రాయించండి. కాగితం మీదకెక్కిన బాకీకి జవాబు చెప్పాల్సొస్తుంది. మెగా పేరెంట్ టీచర్ మీటింగుకి మంత్రులూ నాయకులూ వచ్చి పిల్లల పక్కన కూర్చుని భోజనం చేస్తున్నారు కదా, అప్పుడు వండినావిణ్ని ముందుకి పిలిచి ఆవిడ చేతే సమస్య చెప్పించండి. గోడ మీద టీచర్ల పేర్ల బోర్డు ఉంటుంది, దాని కింద వంటమ్మలవీ, ఆయాదీ, వాచ్‌మన్‌దీ పేర్లు రాయించండి. రంగు డబ్బా ఖర్చు తప్ప ఇంకేం కాదు. ప్రభుత్వం మారినప్పుడల్లా "వంట ఏజెన్సీ మా పార్టీ వాళ్లకి" అని పాతోళ్లని తరిమే అలవాటుంది చూడండి, దానికి ఊరే అడ్డం పడాలి. పిల్లల అన్నానికి పార్టీ రంగేంటండీ?

శాలువా కప్పొద్దని ఎవరూ అనరు. కప్పండి, వంటమ్మకీ కప్పండి. కాకపోతే ఆ రోజు సాయంత్రం ఆవిడ కిరాణా కొట్టు ముందు నుంచి తలెత్తుకుని వెళ్లగలగాలి. సీతమ్మగారి పేరు నిలబడేది అప్పుడే.