బొమ్మల కొలువులో డైప్రొటోడాన్

తార్నాక చౌరస్తాలో బస్సు దిగి ఏ పక్కకు నడిచినా ఒక సైన్సు గేటు తగులుతుంది. పోషకాహార సంస్థ, ఐ.ఐ.సి.టి., ఇంకాస్త ముందుకెళ్తే సి.సి.ఎం.బి., ఎన్.జి.ఆర్.ఐ. ఇటు తిరిగితే ఉస్మానియా క్యాంపస్. రోజూ పొద్దున్నే ఈ గేట్ల ముందు నుంచే స్కూలు ఆటోలు పోతుంటాయి. వాటిలో మన ఆడపిల్లలూ ఉంటారు. సాయంత్రం ఇంటికొచ్చాక వాళ్ళ చేతికి మనం ఏ బొమ్మ ఇస్తున్నాం?

పుట్టినరోజు పార్టీకి బహుమతి కొనడానికి వెళ్తే షాపతను అడిగే మొదటి మాట 'బాబుకా, పాపకా?' అనే. బాబుకైతే ప్లాస్టిక్ ఇటుకల పెట్టె. పాపకైతే గిన్నెలూ గరిటెలూ గ్యాసు పొయ్యీ ఉన్న కిచెన్ సెట్. లక్కపిడతల కాలం నుంచీ ఇదే వరస. లక్కపిడతలు తప్పని కాదు. వంట ఎవరైనా నేర్చుకోవలసిందే, అబ్బాయిలు కూడా నేర్చుకుంటే మరీ మంచిది. పేచీ అల్లా ఆ ఇటుకల పెట్టె పాప దాకా రాకపోవడంతోనే.

ఆ ఇటుకల్లో అంత ఏముంది అంటారా? తార్నాకలో మాకు తెలిసిన ఏడో తరగతి అమ్మాయి ఒకతె, అన్నయ్య వదిలేసిన ఇటుకలు ముందేసుకుని వేసవి సెలవుల్లో డైప్రొటోడాన్‌ని కట్టింది. నానమ్మ కళ్ళజోడు సవరించుకుని, "ఏనుగా, పందికొక్కా ఇది?" అంది. "రెండూ కాదు నానమ్మా, కంగారూకి చుట్టం" అని జవాబు.

నిజంగానే చుట్టం. పిల్లను పొట్ట సంచిలో పెంచుకునే జాతి. ఒకప్పుడు ఆస్ట్రేలియాలో తిరిగిన ఈ జంతువు బరువు దాదాపు 2,700 కిలోలు, భుజం దగ్గర ఎత్తు సుమారు 1.8 మీటర్లు. ఇప్పటిదాకా తెలిసిన సంచి జంతువుల్లో ఇంతకన్నా పెద్దది లేదు. సుమారు 40 వేల ఏళ్ళ కిందట అంతరించిపోయింది. 1838లో రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దానికి పేరు పెట్టినప్పుడు ఆయనకు ఆధారం గుహలో దొరికిన దవడ ముక్క!

ఆ అమ్మాయి ముందు లెక్క కట్టింది. అసలు జంతువులో ఇరవయ్యో వంతు అనుకుంటే 1.8 మీటర్లు 9 సెంటీమీటర్లకు దిగుతుంది. లెగో ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. అంటే తొమ్మిది వరసలు పేరిస్తే భుజం వస్తుంది. కాళ్ళు సన్నగా కట్టేసరికి పొట్ట బరువుకు బొమ్మ కూలింది. లావుగా కడితే ఈసారి నడుం దగ్గర నిలువునా చీలింది. మేస్త్రీ గోడ కట్టేటప్పుడు పై ఇటుక కింది రెండిటి మీదా కూర్చునేలా పెడతాడు కదా, అతుకు మీద అతుకు పడకుండా? ఆ సూత్రం మూడోసారికి పిల్లకు తనంతట తనకే దొరికింది. బరువైన జంతువుకు కాళ్ళు స్తంభాల్లా ఎందుకుంటాయో కూడా ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

చివరికి వచ్చిన చిక్కు సంచి ఎటు తెరుచుకోవాలని. కంగారూకి ముందుకు తెరుచుకుంటుంది. డైప్రొటోడాన్‌కు ఇంకా దగ్గర చుట్టం వాంబాట్. అది నేల తవ్వే జంతువు కనుక లోపలి పిల్ల మీద మట్టి పడకుండా దాని సంచి వెనక్కి తెరుచుకుంటుంది. సంచి ఎముక కాదు కదా, రాతిలో మిగిలి సాక్ష్యం చెప్పడానికి! చుట్టాలను చూసి ఊహించాల్సిందే. పిల్ల వాంబాట్ పక్షం వహించి వెనక్కే పెట్టింది.

ఇది ఆటే. కానీ అచ్చంగా శాస్త్రవేత్తలు చేసే పని కూడా ఇదే. చూడాలంటే ఆస్ట్రేలియా పోనక్కర్లేదు. నగరంలోనే బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం నిలబడి ఉంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్ళు తవ్వి తీసిన ఎముకలవి. 1988లో పి. యాదగిరి దానికి పేరు పెట్టి ప్రపంచానికి పరిచయం చేశారు. అక్కడ దొరికినవి కనీసం పన్నెండు జంతువుల ఎముకలు. ఎన్ని దొరికినా పుర్రె మాత్రం దొరకలేదు, ఒకటి రెండు పళ్ళు తప్ప. మరి మ్యూజియంలో మనం చూసే ఆ తల? లెక్క వేసి, చుట్టాలను చూసి చేసి పెట్టింది.

పెద్ద జంతువులే కానక్కర్లేదు. వికారాబాద్ వైపు నస్కల్‌లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని కనుగొన్న డెక్కనోలెస్టిస్ చుంచెలుక అంత ప్రాణి. క్రెటేషియస్ కాలం నాటి పాలిచ్చే జంతువు మన దేశంలో దొరకడం అదే మొదటిసారి. మిల్లీమీటర్లలో కొలిచే పళ్ళవి. మట్టిని నీళ్ళలో నానబెట్టి, జల్లెడ పట్టి, మిగిలినదాన్ని రవ్వరవ్వా ఏరితే గానీ ఇలాంటివి కంటపడవు. చాటలో బియ్యం ఏరే చేతులకు ఇది రాని విద్యా?

వాళ్ళకు రాక కాదు, మనం పంపక. డిగ్రీలో జియాలజీ తీసుకుంటానంటే ఇంట్లో మొదటి ప్రశ్న 'ఫీల్డ్ ట్రిప్పులుంటాయటగా, ఎక్కడుంటారు, ఎవరెవరు వెళ్తారు?' అని. భయం అర్థం కానిది కాదు. బస, బాత్‌రూం, తోడు గురించి కాలేజీని గట్టిగా అడగండి, అది మన హక్కు. కానీ ఆ ప్రశ్నలు అడగకుండానే 'హాయిగా బి.కాం. చేయవే' అనేస్తున్నాం. చట్టమూ చాలాకాలం అలాగే అంది. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్ళను భూగర్భంలోకి దిగనివ్వలేదు. సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు ఆ తలుపు తెరిచింది 2019లో.

అయినా వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. పమేలా రాబిన్సన్ అనే బ్రిటిష్ మహిళ 1950ల చివర్లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి, మన గోదావరి లోయ రాళ్ళలో శిలాజాలు వెతకడం అక్కడి కుర్రాళ్ళకు నేర్పింది. 1983లో భూగర్భ శాస్త్రవేత్త సుదీప్తా సేన్‌గుప్తా, సముద్ర శాస్త్రవేత్త అదితీ పంత్ అంటార్కిటికా యాత్రకు బయల్దేరారు. బొమ్మల కంపెనీకి కూడా ఈ సంగతి ఆలస్యంగానే తెలిసినట్టుంది. ఎలెన్ కూయ్‌మన్ అనే భూరసాయన శాస్త్రవేత్త ప్రతిపాదిస్తే గానీ, డైనోసార్ అస్థిపంజరం పక్కన మహిళా శాస్త్రవేత్త నిలబడిన లెగో సెట్టు 2014 దాకా రాలేదు. వచ్చిన వెంటనే అమ్ముడైపోయింది.

లెగో ధర చూస్తే గుండె గుభేలుమంటుంది, నిజమే. అదే కొనాలని ఎవరన్నారు? నాంపల్లి ఎగ్జిబిషన్‌లో బేరమాడి తెచ్చే ఇటుకలైనా సరే. అవీ లేకపోతే అగ్గిపెట్టెలూ మైదా జిగురూ చాలు. కాకపోతే అగ్గిపెట్టె ఎత్తు కొలుచుకుని లెక్క మళ్ళీ మొదటి నుంచి వేసుకోవాలి.

ఆ తార్నాక అమ్మాయి బొమ్మ సంక్రాంతికి కొలువెక్కింది. నానమ్మే పై మెట్టు మీద దేవుళ్ళను కాస్త జరిపి కింది మెట్టు మీద చోటు చేసింది, కొండపల్లి ఏనుగు అంబారీ పక్కన. మనవరాలికి అది నచ్చలేదు. ఏనుగు మరీ చిన్నదైపోయిందట, స్కేలు కుదరలేదట. ఇప్పుడు డైప్రొటోడాన్ పక్కన నిలబెట్టడానికి ఒక మనిషి బొమ్మ వెతుకుతోంది. ఎత్తు సరిగ్గా ఎనిమిది సెంటీమీటర్లు ఉండాలి, చేతిలో సుత్తి ఉండాలి, చీర అయినా ప్యాంటు అయినా ఫరవాలేదట.