ఓరుగల్లులో నాటకానికి బడి లేదు

హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రానికి 2014 సెప్టెంబరు 9న, ప్రజాకవి కాళోజీ శతజయంతి నాడు, శంకుస్థాపన జరిగింది. తలుపులు తెరుచుకున్నది 2024 నవంబరు 19న. పునాది వేసింది ఒక ప్రభుత్వం, ప్రారంభించింది మరో ప్రభుత్వం. మధ్యలో పదేళ్లు గడిచిపోయాయి. ఆలస్యంగానైనా వరంగల్‌కు మంచి రంగస్థలం దక్కింది, సంతోషమే. అయితే ఆ వేదిక మీద ఆడేవాళ్లు ఎక్కడ తయారవుతారన్న సంగతి ఆ పదేళ్లలోనూ ఎవరికీ పట్టలేదు, ఇప్పటికీ పట్టడం లేదు.

1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖ లేదు. తెలుగు ఎమ్మే విద్యార్థి నాటకాన్ని పుస్తకంలో చదువుతాడు, పాత్ర స్వభావం మీద పది మార్కుల జవాబు రాస్తాడు. ఆ పాత్రను నిలబెట్టడానికి గొంతు ఎలా సాధన చేయాలో, వేదిక మీద ఎక్కడ నిలబడాలో, దీపాల వెలుగు ఎటునుంచి పడాలో చెప్పేవారు ఉండరు. తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో ఉన్నది జానపద గిరిజన విజ్ఞాన పీఠం. కళారూపాలను పరిశోధించడం దాని ప్రధాన కర్తవ్యం. అది చాలా అవసరమైన పని, కానీ నటులనూ దర్శకులనూ తీర్చిదిద్దే పని వేరు. నాటకం పద్ధతిగా నేర్వాలనుకున్న వరంగల్ పిల్ల హైదరాబాదు వెళ్లాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో తెలుగు విశ్వవిద్యాలయంలోనో ఉన్న కొద్దిపాటి సీట్ల కోసం పోటీపడాలి. సీటు వచ్చినా రాజధానిలో అద్దె, తిండి ఖర్చు భరించగల ఇళ్లు ఎన్ని?

నాటక శాఖ లేని విశ్వవిద్యాలయాలు కూడా అంతర్ విశ్వవిద్యాలయ యువజనోత్సవాలకు మాత్రం జట్లను పంపుతుంటాయి. అక్కడి పోటీల్లో ఏకాంకిక ఉంది, స్కిట్ ఉంది, మైమ్ ఉంది, మిమిక్రీ ఉంది. శాఖ లేని చోట ఆ పిల్లలు సీనియర్లను బతిమాలి, ఖాళీ తరగతి గదిలో సాయంత్రం రిహార్సల్ వేసుకుని వెళ్లాల్సిందే. గెలిస్తే విశ్వవిద్యాలయానికి పేరు. నేర్పే బాధ్యత మాత్రం ఎవరిదీ కాదు. మిమిక్రీని ప్రపంచ వేదికల మీద నిలబెట్టిన నేరెళ్ల వేణుమాధవ్ సొంత ఊరి పరిస్థితి ఇది.

ఈ నేలకు నాటకం కొత్తదా? కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి (ఏనుగుల దళపతి) జాయప సేనాని 13వ శతాబ్దంలో నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథం రాశాడు. ఆ శాస్త్రాన్నీ రామప్ప శిల్పాలనూ ఆధారం చేసుకునే నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోశారు. తెలుగులో వచ్చిన తొలి వీథి నాటకంగా చెప్పుకునే క్రీడాభిరామం నడిచేదంతా ఓరుగల్లు వీధుల్లోనే. అందులోని పాత్రలు మంచన శర్మ, టిట్టిభ సెట్టి తిరిగిన ఆ నగరంలో పల్నాటి వీరుల కథాగానం వినిపిస్తుంది, జక్కుల పురంధ్రి పాట వినిపిస్తుంది. ఇప్పుడు ఆ వీధులున్న నగరంలోనే ఈ విద్యకు గది లేదు.

గతం మాట అటుంచితే, విద్య తెలిసినవాళ్లు ఇప్పటికీ ఇక్కడే ఉన్నారు. పాత ఓరుగల్లు జిల్లాలోంచి విడిపోయిన జనగామ జిల్లావాసి గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానానికి గాను 2024లో పద్మశ్రీ ప్రకటించారు. ఒగ్గు కథను ఢిల్లీ దాకా వినిపించిన చుక్క సత్తయ్యదీ జనగామ ప్రాంతమే. ఆయన 2017లో వెళ్లిపోయారు. ఆయన కథ ఎత్తుకునే తీరు, డోలు వరుసకు గొంతు కలిపే పద్ధతి, మనిషి మారకుండా ఒక్క క్షణంలో పాత్ర మారే నేర్పు – ఇవన్నీ ఏ తరగతి గదిలోనైనా నాలుగేళ్ల పాఠం కావలసినవి. సన్మానసభల్లో శాలువాలు కప్పాం. ఆ విద్యను పాఠంగా మార్చే పని చేయలేదు.

ఎందుకు చేయలేదో కూడా మాట్లాడుకోవాలి. చిందు ఆడేది, ఒగ్గు చెప్పేది అణగారిన కులాలు. వాళ్ల విద్యను ‘జానపదం’ అనే అరలో పెట్టి పరిశోధనకు పనికొచ్చే వస్తువుగా చూశారు తప్ప, వాళ్లను అధ్యాపకులుగా ఊహించలేకపోయారు. డిగ్రీ లేనివారిని ఎలా నియమిస్తామన్నది ఇన్నాళ్లూ చేతికందిన జవాబు. అదీ ఇప్పుడు చెల్లదు. ఆచార్య పదవిలో వృత్తి నిపుణులను తీసుకోవచ్చని యూజీసీ 2022లో మార్గదర్శకాలిచ్చింది. కళాకారులను క్యాంపస్‌లో ఉంచి పాఠం చెప్పించుకోవచ్చని 2023లో మరికొన్ని ఇచ్చింది. కావలసింది సంకల్పమూ కొంత డబ్బూ మాత్రమే.

కాకతీయ విశ్వవిద్యాలయం పుట్టిన మరుసటి ఏడాదే, 1977లో, కేరళలోని కాలికట్ విశ్వవిద్యాలయం త్రిశూర్‌లో నాటక పాఠశాల తెరిచింది. నాటకకర్త జి. శంకర పిళ్లై దాన్ని నిలబెట్టారు. త్రిశూర్ రాజధాని కాదు, వరంగల్ లాంటి సాంస్కృతిక నగరం. ఆ బడి ఇచ్చిన నటులు, దర్శకులు మలయాళ రంగస్థలాన్నీ సినిమానూ మార్చారు. 2008 నుంచి కేరళ అంతర్జాతీయ నాటకోత్సవం జరుగుతున్నదీ ఆ ఊళ్లోనే. కర్ణాటకలో హెగ్గోడు మరీ చిన్న పల్లె. అక్కడ కె.వి. సుబ్బణ్ణ మొదలుపెట్టిన నీనాసం 1980 నుంచి నాటక శిక్షణ ఇస్తోంది. ఊరు చిన్నదన్న సాకు ఆ రెండు చోట్లా ఎవరూ చెప్పలేదు.

ఉద్యోగాలేవీ అంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే, ఎందుకంటే హైదరాబాదులో ఈ చదువు పూర్తిచేసినవాళ్లు కూడా ఉద్యోగానికి వెతుక్కుంటున్నారు. కానీ ఆ కొరత కల్పించింది ప్రభుత్వాలే. పదో తరగతి వరకు సంగీతం, నృత్యం, చిత్రకళతోపాటు నాటకాన్నీ తప్పనిసరి చదువులో చేర్చాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం స్పష్టంగా చెప్పింది. దాన్ని అమలు చేసి ఉంటే ప్రతి గురుకులంలో ఒక నాటక ఉపాధ్యాయుడు ఉండేవాడు. పోస్టులు లేవు గనుక కోర్సు లేదు, కోర్సు లేదు గనుక పోస్టులు అడిగేవారు లేరు. ప్రభుత్వ పథకాలు ఊరూరా పాడి వినిపించడానికి మాత్రం తెలంగాణ సాంస్కృతిక సారథి పేరిట వందలమంది కళాకారులను నియమించుకోగలిగారు. ప్రచారానికి కళాకారుడు అవసరమని తెలిసిన పాలకులకు, అతనికి బడి అవసరమని తెలియదనుకోవాలా?

కాకతీయ విశ్వవిద్యాలయంలో అధ్యాపక నియామకాలు ఏళ్లుగా నిలిచిపోయాయి, ఉన్న శాఖలే కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులతో నెట్టుకొస్తున్నాయి. కొత్త శాఖ అడగడం అత్యాశ అని ఆ క్యాంపస్‌లోనే అనేవాళ్లుంటారు. వారి బాధ అర్థమవుతుంది. కానీ ఖాళీలు నింపకపోవడం ఒక తప్పు, ఆ తప్పును చూపి మరో విద్యను శాశ్వతంగా బయట నిలబెట్టడం ఇంకో తప్పు. రెండింటికీ రాష్ట్ర ప్రభుత్వమే జవాబుదారీ.

విశ్వవిద్యాలయ అకడమిక్ సెనేట్ రంగస్థల కళల్లో పీజీ కోర్సుకు తీర్మానం చేయాలి. ఉన్నత విద్యామండలి శాశ్వత పోస్టులతో దాన్ని ఆమోదించాలి. చిందు, ఒగ్గు గురువులను గౌరవ అతిథులుగా పిలిచి పంపేయకుండా జీతమిచ్చే అధ్యాపకులుగా తీసుకోవాలి. కళాక్షేత్రం వేదికను వారంలో నిర్ణీత రోజులు విద్యార్థుల సాధనకు, ప్రదర్శనలకు ఉచితంగా కేటాయించాలి. గురుకులాల్లో నాటక ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేస్తూ ఆర్థిక శాఖ ఉత్తర్వు ఇవ్వాలి. వీటిలో దేనికీ మరో శంకుస్థాపన అక్కర్లేదు.